అమ్మానాన్నలతో లండన్‌లో నాలుగు రోజులు: ఏవి లోపలికి వెళ్లి చూడాలి, ఏవి బయటినుంచి చాలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెప్టెంబర్‌లో విజయవాడ నుంచి మీ అమ్మగారు (64), నాన్నగారు (70) మొదటిసారి వస్తున్నారు. లండన్‌లో మీకు నాలుగు పూర్తి రోజులున్నాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మీరు పద్నాలుగు చోట్లు రాసుకున్నారు. అవన్నీ తిరగడానికి సిటీ పాస్ (ఒకేసారి డబ్బు కట్టి చాలాచోట్ల లోపలికి వెళ్లే టికెట్) కొనాలా, ఏ వరసలో చూడాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. పాస్ కొనకండి. రోజుకి ఒక్కచోటే లోపలికి వెళ్లండి. నాలుగు రోజులకి కలిపి మూడే: టవర్ ఆఫ్ లండన్, బ్రిటిష్ మ్యూజియం, గ్రీనిచ్. మిగిలిన పదకొండూ బయటినుంచి చూస్తే చాలు. కొన్నయితే బయటినుంచే బాగుంటాయి.

నేను లండన్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాను. మాది గుంటూరు జిల్లా. మా అమ్మానాన్నల్ని, అత్తగారు మావయ్యగార్లని, స్నేహితుల తల్లిదండ్రుల్ని కలిపి ఇప్పటికి ఇరవైమంది దాకా పెద్దవాళ్లని ఈ ఊరంతా తిప్పాను. మొదటిసారి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనూ పాసే కొన్నాను. డబ్బులు పెట్టాం కదా అని మొదటి రోజే నాలుగు చోట్లకి తీసుకెళ్లాను. రాత్రి అమ్మ మంచంమీద కూర్చుని చీర కాస్త పైకి జరిపి చూపిస్తే రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. పొద్దున్నుంచీ నొప్పిగానే ఉందట, నేను బాధపడతానని చెప్పలేదు. మర్నాడంతా గదిలోనే పడుకుంది. పాస్‌తో వచ్చే చిక్కే అది. రోజుకి మూడు నాలుగు చోట్లు తిరిగితేనే పాస్ డబ్బులు గిట్టుబాటవుతాయి. డెబ్బై ఏళ్ల మనిషి అలా తిరగలేరు, తిరగకూడదు కూడా.

ఇంకో సంగతి గమనించండి. పెద్దవాళ్లని అలసటపెట్టేది నడక కాదు, నిలబడటం. సెక్యూరిటీ క్యూ, టికెట్ క్యూ, లోపల ఒక్కో గదిలో జనం కదిలేదాకా నిలబడటం. మా నాన్న పొలం గట్టుమీద నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి, క్యూలో నలభై నిమిషాలు నిలబడేసరికి నడుం పట్టేసింది. అందుకే నేను ఇప్పుడు ఏ చోటుకైనా వెళ్లేముందు రెండే చూసుకుంటాను: కూర్చోవడానికి బెంచీ ఎక్కడుంది, టాయిలెట్ ఎక్కడుంది.

మొదటి రోజు: వెస్ట్‌మినిస్టర్, అంతా బయటినుంచే

ప్రయాణం బడలిక ఉంటుంది కాబట్టి మొదటి రోజు టికెట్ ఏదీ పెట్టుకోవద్దు. వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌లో లిఫ్టులున్నాయి. బయటికి రాగానే తలెత్తితే ఎదురుగా బిగ్ బెన్. నిజానికి ఆ పేరు లోపలున్న గంటది, బరువు 13.7 టన్నులు. గోపురం పేరు ఎలిజబెత్ టవర్, ఎత్తు 96 మీటర్లు. 2012లో రాణి పాలనకి అరవయ్యేళ్లు నిండిన సందర్భంగా ఆ పేరు పెట్టారు. పైకి ఎక్కే టూర్ ఉంది కానీ 334 మెట్లు, మీకు పనికిరాదు.

అందరూ స్టేషన్ ముందే ఫోటో దిగుతారు. అక్కడ ఆగకండి. మెల్లగా వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్లి, సెయింట్ థామస్ ఆస్పత్రి వెనక థేమ్స్ నది పక్కనున్న బాటలోకి దిగండి. అక్కడ వరసగా బెంచీలుంటాయి. నదికి అవతల పార్లమెంటు భవనం మొత్తం ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనబడుతుంది. గంట కొట్టేవేళకి పది నిమిషాల ముందే వెళ్లి కూర్చోండి. పదకొండుకో పన్నెండుకో అయితే దెబ్బలు ఎక్కువ వినొచ్చు. ముందు చిన్న గంటలు ఒక వరస వాయిస్తాయి, తర్వాత పెద్ద గంట. మా మావయ్యగారు కళ్లు మూసుకుని వేళ్లమీద పన్నెండూ లెక్కపెట్టారు.

మీ వెనకున్న గోడమీద చేతితో గీసిన ఎర్ర హృదయాలు కనిపిస్తాయి. కోవిడ్‌లో పోయినవాళ్ల కోసం 2021లో వాళ్లవాళ్లే గీసుకున్నవి, దాదాపు అర కిలోమీటరు పొడవునా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కోదాంట్లో ఒక పేరు, ఒక తేదీ, 'నాన్నా' అనో 'అమ్మమ్మా' అనో ఒక మాట. మా అమ్మ ఆ గోడ పక్కన చాలాసేపు నడిచింది. ఇంగ్లీష్ పెద్దగా రాకపోయినా పేర్లు చదువుకుంటూ వెళ్లింది.

వంతెనమీద మాత్రం జాగ్రత్త. మూడు గిన్నెలు బోర్లించి 'బంతి ఎక్కడుందో చెప్పు' అని ఆడించేవాళ్లుంటారు. చుట్టూ గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లు కూడా వాళ్ల మనుషులే. పెద్దవాళ్లని ఆగి చూడనివ్వకండి, ఆ గుంపులో జేబులు కూడా పోతాయి. రోడ్డు పక్కన ఫోన్ చేతిలో వదులుగా పట్టుకోవద్దని కూడా చెప్పండి, సైకిళ్లమీద వచ్చి లాక్కెళ్తారు.

తిరిగి వంతెన దాటి పార్లమెంట్ స్క్వేర్‌కి రండి. 2015లో పెట్టిన గాంధీగారి విగ్రహం అక్కడే ఉంది. ఆయనంటే అస్సలు గిట్టని చర్చిల్ విగ్రహం కూడా అదే చౌకులో ఉంది. ఎదురుగా వెస్ట్‌మినిస్టర్ ఆబీ, 1066 నుంచీ ఇక్కడి రాజుల పట్టాభిషేకాలు జరిగే చోటు. న్యూటన్, డార్విన్ సమాధులు లోపలున్నాయి. నాన్నగారికి సైన్స్ మీద ఆసక్తి ఉంటే వెళ్లొచ్చు. లేకపోతే సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకి వెళ్లండి, దానికి టికెట్ లేదు. హాయిగా కూర్చుని పాట వినొచ్చు. కాకపోతే అది ప్రార్థన, మన గుడిలో ఉన్నట్టే ఉండాలి, ఫోటోలు తీయకూడదు.

బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర కాపలా మార్పు చూడాలని రాశారు. నేనైతే పెద్దవాళ్లని తీసుకెళ్లను. పదకొండుకి మొదలయ్యేదానికి పదికే వెళ్లి నిలబడాలి, అయినా ముందువాళ్ల తలలు, ఎత్తిన ఫోన్లు తప్ప ఏమీ కనబడవు. పైగా అది రోజూ ఉండదు, వానొస్తే రద్దు చేస్తారు. దాని బదులు హార్స్ గార్డ్స్ మైదానానికి వెళ్లండి. గుర్రాలమీద వచ్చే సైనికుల కాపలా మార్పు అక్కడ మామూలుగా రోజూ పదకొండుకి, ఆదివారం పదికి జరుగుతుంది. జనం తక్కువ, గుర్రాలు దగ్గరగా కనబడతాయి. పదకొండుకి గుర్రాలు చూస్తే, బిగ్ బెన్ గంటని మధ్యాహ్నానికి పెట్టుకోండి. మైదానం పక్కనే సెయింట్ జేమ్స్ పార్కు. చెరువులో గూడబాతులుంటాయి. 1664లో రష్యా రాయబారి బహుమతిగా ఇచ్చినప్పటినుంచీ వాటిని అక్కడ పెంచుతున్నారు. అక్కడ బెంచీమీద కూర్చుని పులిహోర డబ్బా తీయండి. ప్యాలెస్ పార్కు చివరే ఉంటుంది, ఓపికుంటే గేటుదాకా వెళ్లి ఫోటో తీసుకుని వచ్చేయొచ్చు.

రెండో రోజు: టవర్ ఆఫ్ లండన్. ఇక్కడ డబ్బు పెట్టండి

టికెట్ ఖరీదే. కానీ తెలుగువాళ్లకి లండన్‌లో ఒక్కచోటే డబ్బు పెట్టే అవకాశముంటే ఇక్కడే పెట్టాలని నా గట్టి నమ్మకం. కారణం కోహినూర్.

ఈ టవర్ ఒక పాత కోట. టికెట్‌ని కోటని నడిపేవాళ్ల అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనండి. వెతికితే పైన వచ్చే వేరే సైట్లలో కొని నేనొకసారి మనిషికి ఐదారు పౌండ్లు ఎక్కువ కట్టాను. గేటు తెరిచే సమయానికి అక్కడుండండి, లోపలికి వెళ్లగానే ఎటూ చూడకుండా నేరుగా కిరీటాలుండే జువెల్ హౌస్‌కి వెళ్లండి. పదకొండు దాటితే దాని ముందు క్యూ పెరిగిపోతుంది.

లోపల కిరీటాల ముందు ఎయిర్‌పోర్టులో ఉండేలాంటి కదిలే బాట ఉంటుంది. దానిమీద నిలబడితే అదే మోసుకుపోతుంది, నిమిషం కూడా పట్టదు. అందుకే ముందే చెప్పి ఉంచాలి. చాలామంది రాజదండంలో ఉన్న పెద్ద వజ్రాన్ని చూసి అదే కోహినూర్ అనుకుని, అసలుదాన్ని చూడకుండానే బయటికి వచ్చేస్తారు. ఆ పెద్దది కులినన్, దక్షిణాఫ్రికాది, 530 క్యారెట్లు. మనది 1937లో చేయించిన క్వీన్ మదర్ కిరీటంలో ముందువైపున ఉంటుంది, 105.6 క్యారెట్లు. ఇక్కడికి వచ్చినప్పుడు అది 186 క్యారెట్లు. మెరుపు చాలట్లేదని 1852లో మళ్లీ సానపట్టించి ఇంత చేశారు. మొదటిసారి చూసినప్పుడు మా నాన్న 'ఇంతేనా?' అన్నారు. మీ నాన్నగారూ అంటారు. జనం పలచగా ఉంటే వెనక్కి తిరిగొచ్చి మళ్లీ ఎక్కొచ్చు, ఎవరూ ఏమనరు. మేము మూడుసార్లు ఎక్కాం. మూడోసారికి నాన్న మాట్లాడలేదు, చూపు దానిమీదే ఉంది. లోపల ఫోటోలు తీయనివ్వరు.

అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చాలామంది చరిత్రకారుల అంచనా, కాగితం రుజువు లేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లకింద ఉంది. మొఘలులు, నాదిర్ షా, అఫ్గాన్లు, రంజిత్ సింగ్ చేతులు మారి, 1849లో పంజాబ్‌ని కలుపుకున్నప్పుడు చిన్నపిల్లవాడైన దులీప్ సింగ్ చేత ఇప్పించుకున్నారు. ఈ కథ ముందురోజు రాత్రి హోటల్లో అమ్మానాన్నలకి చెప్పండి. అక్కడ నిలబడి చెప్పడానికి వ్యవధి ఉండదు.

తర్వాత కాకుల్ని చూడండి. కనీసం ఆరుంటేనే రాజ్యం నిలుస్తుందని వాళ్ల నమ్మకం, అందుకే పెంచుతున్నారు. మన కాకికి రెట్టింపు సైజు ఉంటాయి. మధ్యలోని వైట్ టవర్ విలియమ్ రాజు కట్టించిన కోట, లోపల మెలికల మెట్లు. అమ్మగారిని బయట బెంచీమీద కూర్చోబెట్టి మీరూ నాన్నగారూ వెళ్లి రండి. నేలంతా గుండ్రాళ్లు, చెప్పులు వద్దు, బూట్లే వేయించండి. చీరమీద బూట్లా అని మా అత్తగారు మొహమాటపడ్డారు. మధ్యాహ్నానికల్లా 'మంచిపని చేయించావు' అన్నారు.

కోట గోడ పక్కనుంచి నది ఒడ్డుకి వస్తే టవర్ బ్రిడ్జ్. ఇంటికి ఫోటోలు పంపేటప్పుడు లండన్ బ్రిడ్జ్ అని రాయకండి, అది పక్కనున్న మామూలు వంతెన. ఇది 1894లో తెరిచారు. పెద్ద పడవలొచ్చినప్పుడు రెండు రెక్కలూ పైకి లేస్తాయి. ఏ రోజు ఎన్ని గంటలకి లేస్తుందో వంతెన వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. మీరున్న నాలుగు రోజుల్లో ఆ సమయం చూసి దానికి తగ్గట్టు టవర్ రోజుని మార్చుకోండి. పైసా ఖర్చులేదు, దీన్ని చూసి సంతోషపడని పెద్దవాళ్లని నేను చూడలేదు. పైనున్న గాజు నేల టికెట్ వదిలేయండి.

మూడో రోజు: బ్రిటిష్ మ్యూజియం, నిజానికి ఒక్క గది కోసం

ప్రవేశం ఉచితం, కానీ టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకుంటే క్యూ తగ్గుతుంది. టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో లిఫ్టులున్నాయి, అక్కడినుంచి నడక దగ్గరే. లోపల వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు. అమ్మగారు నామోషీ అనుకున్నా అడిగి తీసుకోండి. ఈ మ్యూజియం మొత్తం చూడాలనుకుంటే వారం చాలదు.

ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారి చూపిన రోసెట్టా రాయి 4వ గదిలో. దాన్ని చూసి నేరుగా 33వ గదికి వెళ్లండి. దాని చివర అద్దాల వెనక 33ఏ. అమరావతి స్తూపం శిల్పాలున్నది ఈ గదిలోనే. అప్పుడప్పుడూ ఈ గది మూసి ఉంటుంది కాబట్టి వెళ్లే రోజు పొద్దున వెబ్‌సైట్‌లో చూసుకోండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి ఇది తమ ఇంటి పక్క వస్తువు. లండన్ వచ్చి దీన్ని చూడకుండా మైనపు బొమ్మల దగ్గరికి వెళ్లినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మా మావయ్యగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆ గదిలో ఒక పలక ముందు అరగంట నిలబడ్డారు. ఒకే రాయికి రెండు వైపులా చెక్కిన పలక అది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కుతున్న జనం. ఇది క్రీస్తుకి పూర్వపు పని. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. మూడొందల ఏళ్ల తర్వాత ఎవరో అదే రాయిని తిప్పి, రెండోవైపున స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, స్తూపం ముందు వరసగా నిలిపే ఐదు ఆయక స్తంభాలు, పైన గాలిలో తేలుతున్న దేవతలు. అమరావతిలో ఇప్పుడు మట్టిదిబ్బే మిగిలింది కాబట్టి ఆ స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పేది ఇలాంటి పలకలే. మావయ్యగారు వేలితో గాల్లోనే ఆ గీతలు దిద్దుతూ 'మన పల్నాటి రాయేనయ్యా ఇది' అన్నారు. నిజమే, లేత ఆకుపచ్చ జీరున్న ఆ సున్నపురాయి పల్నాటిదే.

కథ క్లుప్తంగా ఇది. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బని 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతి కట్టించే రోజుల్లో రాళ్ల కోసం తవ్వారు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చి చూసి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో చాలాభాగం చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి. వీలైతే బయల్దేరేముందే అమ్మానాన్నల్ని ఒకసారి అమరావతి తీసుకెళ్లి ఆ దిబ్బ చూపించండి. అది చూసి ఇది చూస్తే కలిగే అనుభవం వేరు.

భోజనానికి దగ్గర్లో రస్సెల్ స్క్వేర్ పార్కుంది. అన్నం, సాంబారు కావాలంటే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో మన శాకాహార హోటళ్లున్నాయి.

నాలుగో రోజు: పడవమీద గ్రీనిచ్

వెస్ట్‌మినిస్టర్ రేవులో పడవెక్కండి. లండన్ ఐ, సెయింట్ పాల్స్ గోపురం, టవర్ బ్రిడ్జ్ అన్నీ కూర్చున్నచోటినుంచే కనబడతాయి. మీ జాబితాలో సగం ఈ ఒక్క ప్రయాణంలో పూర్తవుతుంది. సెయింట్ పాల్స్ పైదాకా ఎక్కాలంటే 528 మెట్లు. లండన్ ఐ అరగంటలో ఒక చుట్టు తిరుగుతుంది, బాగానే ఉంటుంది కానీ ఆ ధరకి నేను చెప్పను. ఎత్తునుంచి ఊరు చూడాలంటే ఒక ఎత్తైన భవనం పైనున్న స్కై గార్డెన్ ఉచితం, కొన్ని వారాల ముందే బుక్ చేసుకోవాలి.

గ్రీనిచ్‌లో అబ్జర్వేటరీ గుట్టమీద ఉంది. రేవు వైపునుంచి ఎక్కితే అమ్మగారికి కష్టం. టాక్సీ తీసుకుని బ్లాక్‌హీత్ గేటు దగ్గర దిగండి, అక్కడినుంచి దారి చదును. పన్నెండున్నరకల్లా చేరితే, గోపురంమీద ఎర్ర బంతి 12:55కి సగం లేచి, 12:58కి పైకి చేరి, సరిగ్గా ఒంటిగంటకి కిందికి జారడం చూడొచ్చు. నదిలో ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికి 1833లో మొదలుపెట్టిన పద్ధతి, ఇంకా నడుస్తోంది.

సున్నా రేఖాంశం ఇక్కడే. మన సమయం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. మా నాన్న ఆ గీతకి చెరోవైపు కాలు పెట్టి నిలబడి ఈ లెక్క నోటితోనే వేశారు. వెంటనే, 'మరి మీ చెల్లికి ఫోన్ చేస్తే తేడా నాలుగున్నరే ఉందేమిరా?' అని అడిగారు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా ఇక్కడ గడియారాల్ని గంట ముందుకు జరుపుతారు, అందుకని. సెప్టెంబర్ కాబట్టి మీకూ అదే ప్రశ్న వస్తుంది.

ఇక మిగిలిన చిన్న విషయాలు. బస్సుల్లో నగదు తీసుకోరు, కాంటాక్ట్‌లెస్ కార్డే. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ముగ్గురు వెళ్లలేరు. రైల్లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి టవర్ దాకా వెళ్లే 15వ నంబరు బస్సు చక్కటి దారిలో వెళ్తుంది. పైఅంతస్తు ఎక్కాలని నాన్నగారు సరదాపడతారు, ఎక్కనివ్వండి. కానీ దిగేటప్పుడు బస్సు పూర్తిగా ఆగాకే మెట్లు దిగమనండి.

అంబేడ్కర్ గారు 1921, 22ల్లో చదువుకుంటూ ఉన్న ఇల్లు ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్‌లో ఉంది, ఇప్పుడది స్మారకం. ఏదైనా రోజు త్వరగా అయిపోతే అక్కడికి వెళ్లండి. అమ్మగారు బాలాజీ గుడి అడుగుతారు. అది లండన్‌లో కాదు, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో. ఈ నాలుగు రోజుల్లో ఇరికించకండి, ఐదో రోజు దొరికితేనే.

హోటల్ ఇంకా బుక్ చేయలేదన్నారు కదా. డిస్ట్రిక్ట్ లైన్ అనే మెట్రో రైలు దారి మీద, లిఫ్ట్ ఉన్న స్టేషన్‌కి దగ్గర్లో చూడండి. విక్టోరియా, ఎర్ల్స్ కోర్ట్, హామర్‌స్మిత్ మూడింట్లోనూ లిఫ్టులున్నాయి. అక్కడినుంచి వెస్ట్‌మినిస్టర్, టవర్ హిల్ రెండింటికీ రైలు మారకుండా వెళ్లొచ్చు. గది కింది అంతస్తులో ఉందా, హోటల్లో లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి. ఇక్కడ పాత ఇళ్లని హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి, మూడో అంతస్తుకి ఇరుకు మెట్లే దిక్కవుతాయి.